జెనోనస్ కాగు నీళ్ళు

మా బిర్జై వైపు నేలని నమ్మడానికి లేదు. కింద సుద్దలాంటి తెల్లరాయి ఉంటుంది, జిప్సం అంటారు. అది నీళ్ళకి కరిగి కరిగి లోపల డొల్ల పడుతుంటుంది. పైన మాత్రం బార్లీ చేను ఏం ఎరగనట్టు ఊగుతుంటుంది. ఒక పొద్దున లేచి చూస్తే పెరట్లో ఆపిల్ చెట్టు ఉండదు, గుంట ఉంటుంది.

జెనోనస్ కొట్టం వెనకాల గుంట ఆయన పెళ్ళైన కొత్తల్లో పడింది. అందరూ ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. పేడ, కుళ్ళిన దుంపలు, బీరు కాచాక మిగిలిన పిప్పి, చచ్చిన కోడి, అన్నీ అందులోకే. ఆ గుంట తింటుందే గాని నిండదు. "మా ఇంట్లో వంక పెట్టకుండా తినేది అదొక్కటే" అనేవాడు భార్య వినేట్టు. భార్య పోయాక ఆ మాట మానేశాడు. పేడ పొయ్యడం మాన్లేదు.

ఆయన పని రోడ్లకి తారు పొయ్యడం. పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ తారు పోస్తే మనిషి కూడా కాస్త తారులాగే అవుతాడు, ఎండకి మెత్తబడి చలికి బిగుసుకుపోతాడు. పనిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తక్కువ. ఊళ్ళోకొస్తే మాత్రం బీరు కాచే జెనోనస్. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, పెళ్ళైనా, ముసలాళ్ళు పోయినా, ముందు ఆయన తలుపే తట్టేవాళ్ళు. కొట్లో కొన్న బీరు పెట్టిన పెళ్ళిని మా వైపు పెళ్ళనరు. దానికో పద్ధతి కూడా ఉంది. పీపా తెరిచాక కూజాలో మొదటి గుటక కాచినవాడే తాగాలి, అందరూ చూస్తుండగా. వాడు తాగాకే ఆ కూజా చేతులు మారుతుంది. వాడు తాగందే ఎవ్వరూ ముట్టరు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆయనకి మనవరాలు పుట్టింది. కొడుకు ఎవాల్దస్ కర్రల కోత మిల్లులో పని చేస్తాడు. పట్నంలో అద్దె గది వదిలేసి పెళ్ళాం వైవాని, పసిదాన్ని తీసుకుని తండ్రి ఇంటికే వచ్చేశాడు. పిల్లకి స్మిల్తె అని అనుకున్నారు. పేరైతే అనుకున్నారు గాని గుడిలో జ్ఞానస్నానం ఇంకా కాలేదు. ఫిబ్రవరిలో పెట్టుకుందాం, చలి కాస్త విరుగుతుంది అన్నారు. అంటే ఫిబ్రవరికి బీరు తయారవ్వాలి.

జెనోనస్ దిగులంతా అక్కడే. నాలుగైదేళ్ళుగా ఆయన బీరు మారింది. ఆయనకి తెలుసు. కాని పైకి చెప్పేవాడు పోవిలస్ ఒక్కడే. పోవిలస్ పక్కింటాయనే, వాడూ కాస్తాడు, చిన్నప్పట్నించీ ఇద్దరిదీ పోటీ. కూజా అందుకుని నోటి నిండా పోసుకుని, పైకప్పు వైపు చూస్తూ తప్పు వెతుకుతాడు. దొరక్కపోతే కల్పిస్తాడు.

"నాలిక మీద గోడ సున్నం కొట్టినట్టుందిరా. నీ పొయ్యికి వేసిన సున్నం మిగిలితే ఇందులో కలిపావా?"

"నీకు నాలికుంటే కదా."

"నాలిక లేకపోయినా తెలిసేట్టుందిరా, అదే కదా గొడవ. మనవరాలి పండక్కి కూడా ఇదే పోశావనుకో, ఆ పిల్ల పెద్దదై నిన్ను అడుగుద్ది, తాతా, నా పండక్కొచ్చిన జనం ఎందుకు మొహాలు అట్టా పెట్టారు ఫోటోల్లో అని."

జెనోనస్ కూజా లాక్కున్నాడు. "తప్పు నా చేతిది కాదు. నీళ్ళది."

"మీ నాన్న కాచినప్పుడూ ఆ బావే కదరా?"

"అప్పుడు గుంట లేదు."

ఆ మాట ఆయన నోటి వెంటే వచ్చింది. వచ్చి పోయింది. ఇద్దరూ దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

నీళ్ళు పరీక్ష చేయించమని చెప్పింది వైవా. ఈ మధ్య ఇళ్ళల్లో బీరు కాచే కుర్రాళ్ళంతా అదే చేస్తున్నారంట, సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకి పంపిస్తే అందులో ఏముందో వరసగా రాసిస్తారంట. జెనోనస్ మొదట నవ్వాడు. తర్వాత సీసా కడిగి, బావిలో చేద వేసి, నీళ్ళు పట్టి కొడుకు చేతికిచ్చాడు. రిపోర్టు కొడుకు ఫోనుకొచ్చింది. ఎవాల్దస్ మిల్లు ఆఫీసులో కాగితం మీద తీయించి తెచ్చాడు.

కాగితం నిండా పేర్లు, అంకెలు. జెనోనస్ బడి మానేసిందే అంకెల దగ్గర. దాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కి పనెవేజిస్ పట్నం పోయాడు. అక్కడ మొలక బార్లీ, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు అమ్మే కొట్టుంది. కొట్టాయన మంచోడే. పెన్సిలు తీసి ఒక్కొక్క వరసా చూపిస్తూ చెప్పాడు.

"బీరుకి చూడాల్సినవి ఈ నాలుగు, పెద్దాయనా. ఇది కాల్షియం, ఉండాలి, మీకు బోలెడుంది. ఇది సల్ఫేటు. మీ కింద రాయి జిప్సం కదా, అందులోంచి వస్తది. కాస్త ఉంటే చేదు శుభ్రంగా తెలుస్తది, ఇంతుంటే నాలిక ఆరిపోద్ది. ఇది క్లోరైడు, బార్లీ రుచికి నిండుతనం ఇస్తది, మీకు అది లేదు. ఇదేమో సున్నపు గట్టిదనం."

"మా పక్కింటోడు సున్నం అన్నాడు."

"ఆయన నాలిక మంచిదే. సున్నం సంగతి తేలిక. ముందు రోజు నీళ్ళు బాగా కాచి ఉంచండి, తెల్లగా అడుక్కి దిగుద్ది, పైది వంచుకోండి. సల్ఫేటు మాత్రం కాస్తే పోదు. దానికి మెత్తటి నీళ్ళు కలపాలి. వాన నీళ్ళో, మంచు కరిగిన నీళ్ళో, సగానికి సగం. ఒక చిటికెడు ఉప్పు."

"కింద ఈ లావు అక్షరాల్లో నల్లగా కొట్టిందేంటి?"

కొట్టాయన వంగి చూశాడు. "అది తాగే నీళ్ళ లెక్క. బీరుకి కాదు." అప్పుడే ఎవరో బార్లీ బస్తా కోసం పిలిచారు. వెళ్తూ వెళ్తూ, "దాని గురించి డాక్టర్ని అడగండి" అన్నాడు.

జెనోనస్ చెవులు అప్పటికే నాలుగు వరసలతో నిండిపోయాయి. తాగే నీళ్ళ లెక్క ఏముంది? ఆ బావి నీళ్ళు తాగే ఆయన పెరిగాడు, కొడుకు పెరిగాడు. బస్సులో కాగితం తీసి, పెన్సిలు గీతలున్న నాలుగు వరసలూ పైకి కనపడేట్టు మడిచాడు. ఇంటికొచ్చి అట్టా మడతతోనే బీరు కాచే గది తలుపుకి మేకు కొట్టాడు. నల్లగా కొట్టిన వరస మడత కిందకి పోయింది.

అప్పట్నించీ ఆయన మనిషే మారిపోయాడు. పొద్దున్నే లేచి పెద్ద రాగి కాగు నిండా నీళ్ళు పోసి పొయ్యి రాజేసేవాడు. కాగి కాగి మూడో వంతు ఆవిరయ్యేదాకా వదిలేవాడు కాదు. తేరుకున్నాక అడుగున వేలికి అంటుకునేంత తెల్లటి మట్టు. దాన్ని వేలితో తీసి వైవాకి చూపించేవాడు.

"చూశావామ్మా, ఇదంతా ఇన్నాళ్ళూ మన కడుపుల్లోకి పోయింది."

"అయితే మీ కడుపులో ఒక గోడ కట్టి ఉంటది మావయ్యా."

"కట్టుద్ది, కట్టుద్ది. మీ మావయ్య అందుకే వంగడు."

వైవాకి ఆ నెలలోనే జ్వరమొచ్చి పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు మొదలెట్టారు. పొడి కలపడానికి నీళ్ళు కావాలి. ఆమె తలుపు మీది కాగితం చూసి అడిగింది కూడా.

"మావయ్యా, ఇందులో పసిపిల్లల గురించి ఏమన్నా రాశారా?"

"పసిపిల్లలేమన్నా బీరు తాగుతారా? నువ్వు బావి నీళ్ళు వాడకు. నేనిస్తా, కాగు నీళ్ళు. పట్నంలో కొనే సీసా నీళ్ళు కూడా ఇంత శుద్ధిగా ఉండవు."

బీరు నీళ్ళల్లో ఆయన సగానికి సగం మంచు కలిపాడు, కొట్టాయన చెప్పినట్టే. కొట్టం పైన పేరుకున్న మంచు తెచ్చి కరిగించి పోశాడు. పాప నీళ్ళల్లో మాత్రం కలపలేదు. కప్పు మీద మంచు కదా, పొగ గొట్టం మసి ఉంటది, కాకి రెట్ట ఉంటది, పెద్దోళ్ళకైతే ఫర్లేదు అనుకున్నాడు. పాపకి అచ్చంగా కాగు నీళ్ళే, మూతున్న పాల క్యానులో పోసి, గుడ్డ చుట్టి, రోజూ పొద్దున తనే వంటింట్లో పెట్టేవాడు. పాప కోసం ఇంకాస్త ఎక్కువసేపు కాచేవాడు.

బీరు కాయడం అయ్యింది. మొలక బార్లీని చెక్క తొట్లో గడ్డి పరిచి వడకట్టాడు, అమ్మమ్మల నాటి నించి చేతులు మారుతూ వస్తున్న ఈస్టు వేశాడు, పీపాలో పోసి బిరడా బిగించాడు. ఆ వాసనకే తెలిసింది ఆయనకి, ఈసారి కుదిరిందని. పోవిలస్ కంచె మీంచి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంట్రా, సున్నం వాసన రావట్లేదు. జబ్బు చేసిందా?"

"నీ ముక్కుకే చేసింది. ఫిబ్రవరిలో చూద్దువు."

పాప పాలు తాగడం తగ్గించింది. జలుబనుకున్నారు. విరేచనాలు పట్టుకున్నాయి, పాల డబ్బా పడలేదేమో అనుకున్నారు. పెదాలు చలికి నీలంగా ఉన్నాయనుకుని వైవా ఇంకో దుప్పటి కప్పింది. ఒంట్లో నీరు పోతోంది కదా, ఇంకా తాగించమన్నాడు జెనోనస్. ఒట్టి కాగు నీళ్ళు చెంచాతో తనే తాగించాడు కూడా. పాప ఏడవడం మానేసింది. నిద్రపోతోంది, మంచిదే అనుకున్నారు.

ఆదివారం పొద్దున వైవా గుడ్డలు మారుస్తూ ఆగిపోయింది. పాప గోళ్ళు బూడిద రంగు. మొహం తడిసిన రేకు రంగు. ఒళ్ళు వేడిగానే ఉంది, చలి వల్ల కాదు.

ఎవాల్దస్ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. రాత్రంతా మంచు కురిసి రోడ్డు మూసుకుపోయింది, వస్తున్నాం అంటున్నారు గాని ఎప్పుడో చెప్పట్లేదు. జెనోనస్ పార తీసుకుని వాకిట్లోంచి రోడ్డు దాకా మంచు తవ్వడం మొదలెట్టాడు. లోపలి నించి వైవా పిలిచింది.

"మావయ్యా, రండి. జ్ఞానస్నానం కాలేదు దీనికి. నాకు చేతులు ఆడట్లేదు. మీరు పొయ్యండి."

ప్రాణం మీదకొచ్చినప్పుడు ఫాదర్ లేకపోయినా ఇంట్లో ఎవరైనా పొయ్యొచ్చు. మామూలు నీళ్ళు చాలు. జెనోనస్ టోపీ తీసేశాడు. నీళ్ళ కోసం చుట్టూ చూశాడు. బల్ల మీద గుడ్డ చుట్టిన క్యాను ఉంది. చేతిలో కాసిని పోసుకుని పాప నుదుటి మీద పోశాడు.

"స్మిల్తె, తండ్రి పేరున, కొడుకు పేరున, పవిత్రాత్మ పేరున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నా."

సగం పెదాలతోనే అన్నాడు. పాప కళ్ళు తెరిచి మూసింది.

ఆసుపత్రిలో పాపని లోపలికి తీసుకుపోయారు. ఒక నర్సు రక్తం తీసిన గొట్టం పట్టుకుని వీళ్ళ పక్క నించే పరుగున పోయింది. జెనోనస్ చూశాడు. అది ఎర్రగా లేదు. ఆ రంగు ఆయనకి తెలుసు, మాడేదాకా వేయించిన బార్లీ రంగు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. నిద్ర లేని మొహం. మందెక్కించాం, ఆలస్యం బాగా అయ్యింది అంది. తర్వాత అడిగింది.

"మీ ఇంట్లో బావి నీళ్ళేనా?"

"అవునమ్మా" అన్నాడు జెనోనస్.

"ఎప్పుడన్నా పరీక్ష చేయించారా?"

"చేయించాను. ఈ మధ్యనే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెన్ను కాస్త నిటారైంది. ఇది ఒక్కటన్నా మేం సరిగ్గా చేశాం అన్నట్టు.

ఎవాల్దస్ ఫోన్లో రిపోర్టు తీసి ఇచ్చాడు. ఫోన్లో మడత లేదు. ఆవిడ పై నాలుగు వరసల వైపు చూడను కూడా చూడలేదు, వేలితో కిందకి తోసి ఒక దగ్గర ఆగింది.

"నైట్రేటు. యాభై దాటకూడదు. మీది నూట తొంభై. నల్లక్షరాల్లో కొట్టారు కదా. ఇది చూళ్ళేదా ఎవరూ?"

"అది బీరుకి అక్కర్లేదంటమ్మా" అన్నాడు జెనోనస్.

ఆవిడ ఆయన వైపు చూసింది. కోపంగా ఏం కాదు. అర్థం కానట్టు. "బీరుకా?"

వైవా మధ్యలో అందుకుంది. "బావివి ఉత్తివి పట్టలేదండీ. కాచినవే పట్టాం. మావయ్య రోజూ కాచి ఇచ్చేవారు."

"కాస్తే క్రిములు పోతాయమ్మా. ఇది క్రిమి కాదు, ఉప్పులాంటిది. పేడలోంచి, ఎరువులోంచి భూమిలోకి దిగుద్ది. కాస్తే పోదు, నీళ్ళు తగ్గేకొద్దీ చిక్కబడుద్ది. సూపు మరిగిపోతే ఉప్పెక్కువ అవుద్దే, అట్టా. పెద్దోళ్ళకి ఏం కాదు. ఇంత పిల్లలకైతే రక్తం గాలిని మొయ్యలేదు."

గోడకున్న హీటరు టక్ టక్ అంటోంది. వైవా మామ వైపు తిరిగింది.

"ఎంతసేపు కాచేవారు, మావయ్యా?"

ఆయన అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "మూడో వంతు పొయ్యేదాకా. పాపకైతే ఇంకొంచెం."

మర్నాడు మధ్యాహ్నం పాప పోయింది.

ఇంటికి తెచ్చారు. పెట్టె ఎంత చిన్నదంటే ఎవాల్దస్ ఒక్కడే చంకలో పెట్టుకుని దించాడు. ఫాదర్ వచ్చి, ఇంట్లో పోసిన జ్ఞానస్నానం చెల్లుతుంది, పిల్ల పేరుతోనే పోయింది, దిగులు పడకండి అన్నాడు. వైవా అడిగింది, వేరే నీళ్ళతో మళ్ళీ చెయ్యొచ్చా అని. ఒకసారి అయ్యాక అయిపోయినట్టేనమ్మా, రెండోసారి ఉండదు అన్నాడు ఫాదర్. ఎందుకు అడిగిందో ఆయనకి తెలీదు. జెనోనస్‌కి తెలుసు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

జనం వచ్చారు. ఉడికించిన బఠాణీ, పొగబెట్టిన పంది మాంసం, నల్ల రొట్టె, ఎవరింట్లో ఉన్నవి వాళ్ళు తెచ్చారు. బీరు కాచే గదిలో పీపా అట్టాగే ఉంది. ఎవాల్దస్ దాన్ని దొర్లించి గుంటలో పొయ్యబోయాడు.

"పోస్తే మళ్ళీ బావిలోకే వచ్చుద్ది" అంది వైవా గుమ్మంలోంచి. గొంతులో ఏమీ లేదు, వట్టి మాట. "లోపలికి పట్టుకురా. పిల్ల కోసం కాచారు కదా. పిల్ల కోసమే వచ్చారు జనం."

బిరడా తీసింది వైవానే. కూజా నింపింది. నురుగు తెల్లగా నిలబడింది, పొంగి పోలేదు. గది నిండా కొత్త రొట్టె వాసన వచ్చింది. ఆమె జనం మధ్యలోంచి నడిచొచ్చి కూజా జెనోనస్ ముందు పెట్టింది.

"మావయ్యా, ముందు మీరు తాగాలి కదా. కాచినవాళ్ళే తాగాలి."

అందరూ చూస్తున్నారు. ఆయన రెండు చేతుల్తో కూజా ఎత్తాడు. ఒక గుటక తాగాడు.

బాగుంది.

ముందు రొట్టె పెచ్చు రుచి, తర్వాత నిండుగా బార్లీ, చివర్లో చేదు, వచ్చినట్టే వచ్చి మర్యాదగా వెళ్ళిపోయింది. సున్నం లేదు. నాలిక ఆరిపోలేదు. ఆయన తండ్రి కూడా ఇట్టాంటిది కాయలేదు. ఉమ్మేద్దామన్నా నోరు ఒప్పుకోలేదు, దాని పాటికది దిగిపోయింది.

కూజా పోవిలస్ చేతిలోకి పోయింది. జెనోనస్ వాడి మొహమే చూస్తున్నాడు. ఒక్క వంక పెట్టరా, ఒక్కటంటే ఒక్కటి, సున్నమను, మసి అను, ఏదో ఒకటి అను అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు. పోవిలస్ అలవాటు కొద్దీ నోటి నిండా పోసుకుని పైకప్పు వైపు చూశాడు. చూసి, ఎక్కడున్నాడో గుర్తొచ్చినట్టు కళ్ళు దించేశాడు. మింగాడు. మీసం తుడుచుకుని ఏమీ అనకుండా కూజా పక్కవాడికి అందించాడు.

అది చేతులు మారుతూ గది చుట్టూ తిరిగింది. ఎవరూ బాగుందనలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు. మళ్ళీ నింపాల్సొచ్చింది.

సమాధి దగ్గర్నించి వచ్చాక ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. వైవా చెల్లెలు చేద తీసుకుని బావి వైపు పోయింది. సగం దారిలో ఆగి, బావిని చూసి, ఖాళీ చేదతో వెనక్కొచ్చింది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వైవా కూజా పట్టుకుని మెట్లు దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, దోసిళ్ళతో మంచు తీసి అందులో కూరి, వట్టి చేతుల్తో తోమడం మొదలెట్టింది. జెనోనస్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. వాకిలంతా తెల్లగా, కొట్టం కప్పు మీద, గుంట చుట్టూ, బావి మూత మీద, ఎటు చూసినా తను పాపకి వద్దనుకున్న మంచే ఉంది.